స్టెల్లా ఆడిన నాటకం

మన సినిమా సమీక్షల్లో ‘మెలోడ్రామా ఎక్కువైంది’ అంటే తిట్టే. ఆ తిట్టు సరిగ్గా ఎక్కడ తగులుతుందో, ఎక్కడ తగలదో తేల్చుకోవాలంటే 1937లో కింగ్ విడార్ తీసిన ‘స్టెల్లా డాలస్’ చూడాలి. ప్రేక్షకుణ్ణి ఏడిపించడానికి ఎంత లెక్క కావాలో అందులో తెలుస్తుంది.

ఆలివ్ హిగిన్స్ ప్రౌటీ నవలే దీనికి ఆధారం. మసాచుసెట్స్‌లో ఓ మిల్లు కార్మికుడి కూతురు స్టెల్లా. చితికిపోయిన సంపన్న కుటుంబంలో పుట్టి అదే మిల్లులో పెద్ద ఉద్యోగం చేస్తున్న స్టీఫెన్‌ను పెళ్లాడుతుంది. కూతురు లారెల్ పుట్టాక దంపతులు విడిగా బతుకుతారు. తండ్రివైపు నాజూకు మనుషుల్లో కూతురు ఇమిడిపోతుంది, తల్లి ఇమడదు. కథ ఇంతే. చెప్పిన తీరులోనే ఉంది పనితనం.

రైలు ఘట్టం తీసుకోండి. విహారానికి వెళ్లిన చోట స్టెల్లా ఒళ్లంతా నగలు, బొచ్చు దిగేసుకుని తిరిగితే కుర్రకారు పగలబడి నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయిన లారెల్, కారణం చెప్పకుండా తల్లిని ఇంటికి బయల్దేరదీసింది. రాత్రి బెర్తుల తెరల అవతల అమ్మాయిలు ఆ వింత మనిషి గురించే చెప్పుకుంటున్నారు. తల్లి విన్నది. కూతురూ విన్నది. అమ్మ విన్నదేమోనని లారెల్ చూస్తే స్టెల్లా నిద్ర నటిస్తుంది. కూతురు వచ్చి తల్లి పక్కలో దూరి పడుకుంటుంది. ఒకరికోసం ఒకరు దాచుకున్న సంగతి ఇద్దరిదీ తెలిసినవాళ్లం మనమే. పాత్రలు ఏడవవు కనక ఆ పని మన మీద పడుతుంది. చౌకబారు ఏడుపు సినిమా ఇక్కడే తప్పటడుగు వేస్తుంది: పాత్రల చేతే కన్నీళ్లన్నీ కార్పించేసి మనకేమీ మిగల్చదు.

ఇదే కిటుకును విడార్ తర్వాత ఇంకా బిగించాడు. కూతుర్ని తండ్రి ఇంటికి పంపడానికి స్టెల్లా తానే ఓ నాటకం ఆడుతుంది. సిగరెట్టు, హోరెత్తే పాట, పిల్లంటే పట్టనట్టు విసుగు. లారెల్ నమ్మేస్తుంది. బార్బరా స్టాన్‌విక్‌కు అప్పటికి 30 ఏళ్లు, కూతురిగా వేసిన యాన్ షర్లీకి 19. స్టాన్‌విక్ ఇక్కడ చేసినది కష్టమైన పని: నటన రాని ఆడది నటిస్తున్నట్టు నటించాలి. ఇద్దరికీ ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, బహుమతి మాత్రం రాలేదు.

దుస్తుల్లోనూ ఓ మెలిక ఉంది. తన ఒంటిమీద అంత ఆర్భాటం మోసే స్టెల్లాయే కూతురికి కుట్టే గౌన్లు ఎంతో పొందికగా ఉంటాయి. అభిరుచి తెలియనిది కాదన్నమాట. తాను ఎలా కనిపిస్తోందో స్టెల్లాకు బాగా తెలుసని తత్త్వవేత్త స్టాన్లీ కావెల్ వాదించాడు. రైలు ఘట్టంలో తల్లి ముఖం చూస్తే ఆ వాదన నాకు పూర్తిగా మింగుడు పడదు. అయినా అతనన్నాక ఆ గౌన్లను తేలిగ్గా చూడలేం.

చివర్లో కూతురి పెళ్లిని స్టెల్లా వానలో, ఇనుప కంచె అవతల జనంలో నిలబడి కిటికీలోంచి చూస్తుంది. వెలుగుతున్న ఆ కిటికీ అచ్చం వెండితెర. పెళ్లికి ముందు స్టీఫెన్‌తో సినిమాకెళ్లి, తెరమీది మనుషుల్లా ఉండాలని ఆశపడిన పిల్ల తను! ఈ ముగింపు మీద 1980లలో స్త్రీవాద విమర్శకులు గట్టిగానే తగువుపడ్డారు. పక్కకు తప్పుకుని చూస్తూ ఉండటమే తల్లికి నేర్పుతోందని ఆన్ కాప్లాన్ అంటే, చూసే స్త్రీ ఆ నష్టాన్ని కూడా గుర్తిస్తుందని లిండా విలియమ్స్ జవాబిచ్చింది. నా ఓటు విలియమ్స్‌కే.

1990లో బెట్ మిడ్లర్‌తో ‘స్టెల్లా’ పేరిట మళ్లీ తీశారు. అందులో ఆమె పెళ్లి వద్దని, బార్‌లో పనిచేసుకుంటూ ఒంటరిగా బిడ్డను పెంచుతుంది. అంత గట్టి మనిషి కూతుర్ని ఎందుకు వదులుకోవాలో సినిమా మనల్ని నమ్మించలేకపోయింది. 1937లో స్టెల్లాను అడ్డగించిన గోడ ఎవరూ కట్టనక్కర్లేకుండానే అక్కడ ఉంది. ఇక్కడ దాన్ని కథకులే కట్టాల్సి వచ్చింది.