‘దేశభక్తి’ గేయంలో కండ - నేటి విద్యార్థి దేహం: ఒక విమర్శ

కీలక పదాలు: గురజాడ, దేశభక్తి గేయం, దేహభావన, వ్యాయామం, శరీర బరువు, విద్యార్థి.

1. ఉపోద్ఘాతం:

కళాశాల విద్యార్థుల శరీర బరువు చర్చకు వచ్చినప్పుడు తరచుగా వినిపించే మాట ‘బద్ధకం’. వారికి వ్యాయామాన్ని ప్రబోధించడానికి గురజాడ అప్పారావు 1910లో రచించిన ‘దేశభక్తి’ గేయంలోని కండ ప్రస్తావనను ఉదాహరించడం పరిపాటి. గేయ తాత్పర్యం ఈ వినియోగాన్ని ఎంతవరకు సమర్థిస్తుందో ఈ వ్యాసంలో పరిశీలించడమైంది.

2. గేయంలోని క్రమం:

గురజాడ కండను విడిగా ప్రస్తావించలేదు. ముందు పాడిపంటల కోసం పాటుపడమన్నాడు. తరువాత తిండిని, దాని వల్ల కలిగే కండను, ఆపైన మనిషితనాన్ని చెప్పాడు. ఇది కార్యకారణ క్రమం. నీరసించిన మనుషులను ఆయన ఆక్షేపించిన మాట నిజమే. అయితే ఆ ఆక్షేపణకు ముందే నీరసానికి కారణాన్ని సూచించాడు. కారణాన్ని విడిచి కండను మాత్రమే గ్రహిస్తే, సామాజిక సూత్రం వ్యక్తిగత నిందగా మారుతుంది.

గేయానికి పరిమితీ ఉంది. మనిషితనాన్ని కండతో ముడిపెట్టి, దానిని పుంలింగంలో చెప్పడం వల్ల విద్యార్థినులు, వికలాంగులు ఆ నిర్వచనానికి వెలుపల మిగిలిపోతారు. నేటి బోధనలో ఈ అంశాన్ని దాటవేయడం తగదు.

3. నేటి విద్యార్థి దేహం:

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు వయోజనులకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థాయి శారీరక శ్రమను, 5-17 ఏళ్ల వారికి రోజుకు సగటున 60 నిమిషాల శ్రమను సూచించాయి. కూర్చుని గడిపే సమయాన్ని తగ్గించాలని వేరుగా చెప్పాయి. అంటే వ్యాయామలోపం, ఎక్కువసేపు కూర్చోవడం రెండు వేర్వేరు సమస్యలు. ‘బద్ధకం’ అనే మాట ఈ రెంటినీ కలిపివేస్తుంది. ఆటస్థలం లేని భవనంలో, తరగతుల నుంచి రాత్రి స్టడీ అవర్ల వరకు బల్లకు అతుక్కుని ఉండే ఇంటర్మీడియట్ విద్యార్థి చేత అలా కూర్చోబెట్టిస్తున్నది కాలపట్టిక. దానిని అతని స్వభావదోషంగా పేర్కొనడం అన్యాయం.

బరువును కొలమానంగా తీసుకోవడంలోనూ చిక్కు ఉంది. చిత్తరంజన్ యాజ్ఞిక్, జాన్ యుడ్కిన్ అనే ఇద్దరు వైద్యులు 2004లో ‘లాన్సెట్’ పత్రికలో తమ దేహాలనే ఉదాహరణగా చూపారు. ఎత్తు బరువుల నిష్పత్తిని తెలిపే బీఎంఐ ఇద్దరికీ 22.3. శరీరంలోని కొవ్వు మాత్రం భారతీయుడైన యాజ్ఞిక్‌కు 21.2 శాతం, యుడ్కిన్‌కు 9.1 శాతం. సన్నగా కనిపించే విద్యార్థి ఆరోగ్యంగా ఉన్నట్లేనని తూకాన్ని బట్టి నిర్ణయించలేము. గురజాడ చెప్పిన కండ ఎంత ఉన్నదో తూకం చెప్పదు.

4. ముగింపు:

‘దేశభక్తి’ గేయాన్ని వ్యాయామ నినాదంగా కుదించడం దాని అర్థానికి భంగకరం. అందులోని క్రమాన్ని పాటిస్తే, విద్యార్థిని మందలించడానికి ముందు అతని భోజనాన్ని, ఆటస్థలాన్ని, కాలపట్టికను పరిశీలించవలసి ఉంటుంది. ఆ పరిశీలన విద్యార్థినుల వసతిగృహాలకూ వర్తించినప్పుడే గేయపు పరిమితిని దాటిన పఠనం అవుతుంది.