కుడితి గోలెంలో వేసవి

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుంది. వెళ్తూ వెళ్తూ మా పెరటి బాదం చెట్టు ఆకుల్ని ఎర్రగా మాగబెట్టి రాల్చేస్తుంది. మా నాన్నమ్మ బతికున్న రోజుల్లో పచ్చి ఆకులు కోసి విస్తళ్లు కుట్టేది. నేను రాలిన ఎర్రాకులు ఏరతాను. కడిగి, నీడన ఆరబెట్టి, గోనెసంచిలో దాస్తాను. నీ కోసమే గోలెమా, నీలో రాబోయే వేసవి కోసమే.

ఒకప్పుడు నీ నిండా కుడితి ఉండేది. బియ్యం కడుగు, గంజి, తవుడు. గేదెలు మూతి ముంచి, కళ్లు అరమూసి, ఊపిరి తిప్పుకోకుండా సగం ఖాళీ చేసేవి. పాడి పోయింది, పాక పోయింది. గేదెల మెడలు రాసి రాసి నున్నబడిన అంచుతో నువ్వొక్కతెవే మిగిలావు. పగలగొట్టించి స్థలం చదును చేద్దామన్నారు ఇంట్లో. నాకు చేతులు రాలేదు. ఇన్నేళ్లు ఆకలి తీర్చినదానివి, ఉత్త సిమెంటు ముక్కలా ఎలా పారేస్తాను?

మాఘం దాటాక నీలో నీళ్లు నింపి, కుళాయి నీళ్ల క్లోరిన్ పోయేదాకా ఒకటి రెండు రోజులు అలాగే వదిలేస్తాను. ఆ తర్వాత గుప్పెడు ఎండు వరిగడ్డి, రెండు బాదం ఆకులు, బాగా కడిగిన నాలుగు అంతరతామర మొక్కలు. మోటారు లేదు, దీపం లేదు. మిగతాదంతా సూర్యుడు చూసుకుంటాడు. బాదం ఆకు తన వగరంతా దింపి నీళ్లకి పలచటి డికాషన్ రంగు తెస్తుంది. గడ్డి నానిన చోట తెల్లటి మబ్బు కమ్ముతుంది. చూసినవాళ్లు నీళ్లు పాడైపోయాయంటారు. కంటికి ఆనని ప్రాణులు ఆ మబ్బులో కోట్ల కొద్దీ ఉంటాయి. రేపు పుట్టబోయే నోళ్లకి అదే ఉగ్గు. వారం తిరిగేసరికి మబ్బు విడిపోయి, నీళ్లు పెసరపప్పు పొట్టు రంగుకి తిరుగుతాయి. ఆ పచ్చదనం మీద నాకెంత ప్రేమో! గాజు తొట్టెలో అదే రంగు కనపడితే కంగారుపడి తోమేస్తాం. ఆరుబయట అది పసివాళ్ల కంచంలో అన్నం.

ముందుగా నీలోకి దిగేవి గప్పీలు. వాటి పుట్టిల్లు ఎక్కడో ట్రినిడాడ్, వెనెజువెలా, గయానా వైపు వాగులు. 1859లో జర్మనీకి చెందిన పీటర్స్ ఈ చేపకి శాస్త్రీయంగా ఒక పేరు పెట్టాడు. 1866లో లండన్‌లో గుంథర్, ట్రినిడాడ్ నుంచి ఆ చేపల్ని పంపిన లెచ్‌మియర్ గప్పీ గౌరవార్థం ఇంకో పేరు పెట్టాడు. పుస్తకాల్లో పీటర్స్ మాట నిలిచింది, జనం నాలుక మీద గప్పీ నిలిచాడు. నీళ్లు నిలవుంచితే దోమలు రావా అని పక్కింటి పిన్నిగారు ఏటా అడుగుతారు. రానివ్వండి పిన్నిగారూ, అవి పెట్టిన గుడ్లన్నీ మా పిల్లలకి పండగ భోజనం. దోమల్ని అణచడానికే ఈ చేపని దేశదేశాలు పిలిపించుకున్నాయి.

గప్పీ గుడ్లు పెట్టదు, కంటుంది. నాలుగు వారాలకి అటూ ఇటూగా నెలలు నిండుతాయి. పొట్ట పలకలు తేరి, వెనకవైపు నల్లమచ్చ చిక్కబడిందంటే ఘడియలు దగ్గరపడ్డట్టే. తెల్లవారి అంతరతామర వేళ్లని వేలితో మెల్లగా పక్కకి జరుపుతాను. ముందు రెండు కళ్లు కనపడతాయి. కాసేపు చూస్తే ఆ కళ్ల వెనక గాజు ముక్కలాంటి ఒళ్లు. వేలి నీడ పడగానే చటుక్కున మాయం. కన్నతల్లే వాటిని తినేస్తుంది, అందుకే పరుగు నేర్చే పుడతాయి. వేళ్ల చాటున దాచి కాపాడేది అంతరతామరే.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. అప్పుడే నాకు నిద్ర పట్టదు. నీళ్లు కాగే కొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. పగలంతా ఊపిరి పోసిన పచ్చదనం రాత్రి తనూ ఊపిరి తీసుకుంటుంది, అందుకే తెల్లవారుజాము గండం. భీమవరం వైపు చెరువుల రైతులు ఆ వేళకి గట్టెక్కి, చేప పైకి తేలుతోందేమోనని చూసేది ఇందుకే. నీ మీద పచ్చ నెట్టు కడతాను, అంచు చుట్టూ తడి గోనెపట్టాలు చుడతాను, సాయంత్రం చెంబులతో ఎత్తు నుంచి నీళ్లు పోస్తాను. ఒక ఏడు పెళ్లికి వెళ్లి రెండ్రోజులు ఎక్కువ ఉండిపోయాను. వచ్చేసరికి నీళ్లు జానెడు దిగిపోయి, చేపలు నీ మీద తెల్లగా తేలి ఉన్నాయి. ఒక్కొక్కటే ఏరి బాదం చెట్టు మొదట్లో పెట్టాను. ఆ తర్వాత ఏ మే నెలలోనూ ఊరు కదల్లేదు.

ఇక ఫైటర్. దానికి నీ పక్కనే, చెట్టు నీడన, రొయ్యలు ఎగుమతి చేసే పాత థర్మోకోల్ పెట్టె. జానెడు లోతు నీళ్లు, ఒక ఎర్ర బాదం ఆకు, పైన మూత. 2019లో థాయ్‌లాండ్ తన జాతీయ జలచరంగా ప్రకటించుకున్న చేప ఇది. మన కొరమీనులాగే పైకి వచ్చి గాలి పీల్చగలదు. పేరు పోట్లాటది. కానీ మూత ఓరగా తీసి, చప్పుడు చేయకుండా కూర్చుని చూడాలి ఆ మగచేప కాపురం కట్టుకోవడం.

ఆకు అంచు కింద ఒక బుడగ. పైకి వెళ్లి గాలి మింగి, లాలాజలంతో పొదిగి, తెచ్చి దాని పక్కన ఇంకొకటి. పూటంతా అదే పని. గూడు అరచేతి వెడల్పయ్యాక ఆడచేపని పిలుస్తాడు. వచ్చాక తన ఒంటిని విల్లులా వంచి ఆమె చుట్టూ చుట్టుకుంటాడు. ఇద్దరూ ఒక్క క్షణం కదలరు. ఆమె కిందనుంచి నూకల్లాంటి తెల్లటి గుడ్లు మంచులా జారతాయి. అతను విడివడి, ఒక్కొక్క గుడ్డునీ నోట పట్టి, పైకి తెచ్చి, బుడగల మధ్య ఉంచుతాడు. మళ్లీ కౌగిలి, మళ్లీ ఏరడం. అయిపోయాక ఆమెని తరిమేస్తాడు. నేను తీసి వేరే నీళ్లలో వేస్తాను.

ఒకటిన్నర రోజుకి గూటి కింద సన్నటి నూలుపోగులు, తోకలు కిందికి వేలాడుతూ. ఒకటి జారి పడుతుంది. తండ్రి దిగి నోట కరుచుకుని తెచ్చి గూట్లో పెడతాడు. ఇంకొకటి. వెంటనే మరొకటి. తిండి మానేసి ఆ కాపలా. రెండు మూడు రోజులకి పిల్లలు అడ్డంగా ఈదడం మొదలుపెడతాయి, నీ పచ్చ నీళ్లు చెంచాడు తెచ్చి పోస్తాను.

తూనీగల్ని చూస్తే నాకు ముచ్చటా భయమూను. నీ మీద తోక ముంచి ముంచి లేస్తాయి, ఎంత అందమో. ఆ గుడ్లలోంచి వచ్చే పిల్ల మటుకు అడుగున నక్కి, కింది పెదవిని చెయ్యిలా చాపి చేపపిల్లని అందుకుంటుంది. నెట్టు ఎండకే కాదు, అందుకు కూడా. వీధిలో పిల్లలు సీసాలు పట్టుకుని వస్తారు, అడిగినవాళ్లకల్లా ఇస్తాను. ఒక్క మాట తీసుకుంటాను: మిగిలిపోతే నాకే తెచ్చివ్వాలి, పంటకాలవలో వదలకూడదు. ఆ కాలవ మన పరిగెలది. పరాయి చేప అక్కడ పెరిగితే వాటి కూడు పోతుంది.

మృగశిర వచ్చేసింది. వీధంతా చేపల పులుసు వాసన. సాయంత్రం ఉరిమి, మొదటి చినుకులు పడ్డాయి. నెట్టు తీసేశాను. నీ మీద చినుకు పడ్డచోటల్లా పిల్లలు కిందికి పోయి మళ్లీ తేలుతున్నాయి. కిటికీలో గాజు సీసాలో ఆ ఫైటర్ తండ్రి. పిల్లలు ఈదగానే అతన్ని వేరు చేయాలి, లేకపోతే తినేస్తాడు. రెక్కలు నలిగి, పొట్ట లోపలికి పోయి, రెండు రోజులుగా సీసా అడుగునే ఉన్నాడు. రాత్రి లైటు వేసి చూశాను. నీళ్ల అంచున, గాజుకి ఆనుకుని, మూడు బుడగలు. నేను చూస్తుండగానే నాలుగోది తెచ్చి పెట్టాడు.