చిరుతపులి మచ్చలు, కాపరి కలము: థామస్ డిక్సన్ నవలలపై ఒక వేదాంత విమర్శ

అమెరికాలోని శ్వేతజాతి ఆధిక్యవాద సంస్థల మాట రాగానే మన మనస్సునకు తోచేది తెల్లని ముసుగులు, చీకటిలో మండుచున్న సిలువ. ఆ మండుచున్న సిలువ కూ క్లక్స్ క్లాన్ ఆదిలో వాడిన గుర్తు కాదు. 1865-66 మధ్య టెనెస్సీ రాష్ట్రములోని పులాస్కీ అనే చిన్న పట్టణములో, అంతర్యుద్ధములో ఓడిన దక్షిణ సైన్యపు మాజీ అధికారులు ఆరుగురు ఆ సంఘమును స్థాపించినప్పుడు గాని, అది ఊరూరా వ్యాపించి నల్లజాతి ఓటర్లను కొరడాలతో కొట్టి చంపిన దినములలో గాని అట్టి సిలువ లేదు. అది 1905లో వెలువడిన ఒక నవలలో నుండి వచ్చింది. ఆ నవల వ్రాసినవాడు అభిషేకము పొందిన బాప్టిస్టు బోధకుడు. అతని పేరు థామస్ డిక్సన్. నవల పేరు 'ది క్లాన్స్‌మన్'.

ఈ వ్యాసములో డిక్సన్‌ను నవలాకారునిగా కంటె ప్రసంగీకునిగా పరిశీలించదలచాను. సాహిత్య విమర్శకులు అతనిని రెండవ తరగతి రచయితగా ఎన్నడో ప్రక్కన పెట్టారు, అది న్యాయమే. అయితే కాపరులమైన మనము అతనిని అంత సులభముగా ప్రక్కన పెట్టలేము. ద్వేష సంస్థ ఎట్లు ఆలోచించునో తెలిసికొనుటకు దాని సభ్యత్వ పట్టికల కంటె దాని ప్రసంగములు ఎక్కువ ఉపయోగపడతాయి. డిక్సన్ నవలలు వేషము మార్చుకొన్న ప్రసంగములే.

డిక్సన్ 1864లో నార్త్ కరోలినాలోని షెల్బీ దగ్గర జన్మించాడు. తండ్రి బాప్టిస్టు బోధకుడు. అన్న ఎ. సి. డిక్సన్ పేరు మన పాఠకులలో కొందరికి పరిచయమే. 'ది ఫండమెంటల్స్' సంపుటములకు మొదటి సంపాదకుడు, షికాగోలోని మూడీ చర్చికిని, ఆ తరువాత లండనులో స్పర్జన్ నిలిచిన ప్రసంగ వేదికకును కాపరి. (బి.డి. చదివిన దినములలో సంఘ చరిత్ర పరీక్షకు 'ఫండమెంటల్స్' గూర్చి పుటలు పుటలు వ్రాశాము గాని, సంపాదకుని తమ్ముని గూర్చి ఏ ప్రశ్నా రాలేదు.) తమ్ముని తప్పును అన్నపై మోపుట నా ఉద్దేశము కాదు. ఇద్దరూ ఒకే ఇంటిలో, ఒకే కుటుంబ ప్రార్థనలో పెరిగినవారని మాత్రము గమనించాలి.

థామస్ డిక్సన్ రాలీలోను, బోస్టనులోను, న్యూయార్కులోను కాపరిగా పనిచేశాడు. న్యూయార్కులో అతని ప్రసంగములు వినుటకు జనము క్రిక్కిరిసిపోయేవారు. పట్టణ పాలనలోని అవినీతిని పేరు పెట్టి ఖండించాడు, పేదల పక్షమున మాట్లాడాడు. నేటి పరిభాషలో సామాజిక సువార్తికుడు. ఇది మనలను కలవరపరచవలసిన సంగతి. జాతి ద్వేషము వాక్యము తెలియని మూఢులలో పుట్టునని మనము అనుకొంటాము. ఇక్కడ అది పేదల పక్షమున గళమెత్తిన వేదిక మీదనే పుట్టింది.

1901లో 'అంకుల్ టామ్స్ క్యాబిన్' నాటక ప్రదర్శన చూచి డిక్సన్ ఉగ్రుడయ్యాడు. దానికి జవాబుగా 1902లో తన మొదటి నవల ప్రకటించాడు. పేరు 'ది లెపర్డ్స్ స్పాట్స్', అనగా చిరుతపులి మచ్చలు. యిర్మీయా 13:23లోని మాట అది. కూషుదేశస్థుని చర్మము మారనట్లే నల్లవాని స్వభావము మారదు, చదువు గాని ఓటు గాని అతనిని మార్చలేదు అనునదే నవల సారాంశము.

ఆ వచనమును దాని సందర్భములో చదువుదాము. యిర్మీయా అక్కడ మాట్లాడుచున్నది కూషీయులతో కాదు, యూదావారితో. అలవాటైన పాపము మనుష్యుని ఎంతగా బంధించునో చెప్పుటకు ప్రవక్త ప్రకృతి నుండి రెండు పోలికలు తీసికొన్నాడు. చర్మపు రంగు అక్కడ దోషము కాదు, మచ్చ దోషము కాదు. దోషము యెరూషలేముది. ఎన్నుకొనబడిన జనముపై వచ్చిన గద్దింపును తిప్పి అన్యుని మీదకు మళ్లించుటకు డిక్సన్ సగము వచనము తీసికొని మిగిలిన సగము విడిచిపెట్టాడు. ప్రసంగశాస్త్రములో ఇది చిన్న పొరపాటువలె కనబడవచ్చును గాని, ఈ కోత లేకపోతే నవలయే లేదు.

ఇంకొక సంగతి ఉంది. అదే గ్రంథము 38వ అధ్యాయములో యిర్మీయాను అధిపతులు గోతిలో దింపగా అతడు బురదలో కూరుకొనిపోయెను. అతని స్వజాతివారు చూచుచుండిరి. రాజునొద్దకు వెళ్లి ఆయన కొరకు మాట్లాడినవాడు ఎబెద్మెలెకు అను కూషీయుడు. అతడు త్రాళ్లతో పాటు పాత చింకిబట్టలు కూడ దింపి, త్రాడు ఒరిసికొనకుండ చంకల క్రింద పెట్టుకొమ్మని చెప్పాడు. తరువాతి అధ్యాయములో ఈ కూషీయునికి ప్రభువు ప్రత్యేకముగా వాగ్దానమిచ్చాడు. పుస్తకమునకు పేరు పెట్టుటకు యిర్మీయా గ్రంథము తెరచిన బోధకుడు ఇరవై అయిదు అధ్యాయములు ముందుకు తిప్పి ఉంటే చాలు.

మూడు సంవత్సరముల తరువాత వచ్చిన 'ది క్లాన్స్‌మన్' ఇంకను ప్రమాదకరమైన గ్రంథము. క్లాన్‌లో నాయకుడుగా ఉన్న తన మేనమామకు దానిని అంకితమిచ్చాడు. కథ సౌత్ కరోలినాలో జరుగుతుంది. యుద్ధములో ఓడిన తెల్లవారు నిస్సహాయులు, విడుదలైన నల్లవారు పీడకులు. గస్ అను నల్లవాడు ఒక తెల్ల కన్యను చెరుపగా, ఆమెయు ఆమె తల్లియు కొండ అంచునుండి దూకి ప్రాణము తీసికొంటారు. వైద్యుడైన డాక్టర్ కామెరాన్ చనిపోయిన తల్లి కంటిని సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందులో నేరస్థుని రూపము చూచానంటాడు. క్లాన్ సభ్యులు గస్‌ను చంపుతారు. ఆ కన్య రక్తమును జాతి కొరకైన బలిగా ఎంచి, మండుచున్న సిలువను దానితో ఆర్పి, పూర్వపు స్కాట్లండు తెగల ఆచారమని చెప్పి ఊరూరికి పంపుతారు.

ఈ ఘట్టమును వేదాంత విద్యార్థి ఎట్లు చదవాలి? నిర్దోషమైన రక్తము, బలి, సిలువ, విమోచన అన్నీ ఇందులో ఉన్నవి. సువార్త పదజాలమంతయు ఉన్నది, క్రీస్తు మాత్రము లేడు. ఆయన స్థానములో తెల్ల స్త్రీ శీలము నిలిచింది. సిలువ శత్రువుల కొరకు ప్రాణము పెట్టిన చోటు కాక శత్రువులను చంపుటకు పిలిచే గుర్తు అయింది. దక్షిణ రాష్ట్రములలో నల్లవారి ఓటును అణచివేసి తెల్లవారి పాలన తిరిగి నిలిపిన రాజకీయ నాయకులు తమ్మును తాము 'రిడీమర్స్', అనగా విమోచకులు, అని పిలుచుకొన్నారు. డిక్సన్ ఆ మాటను కనిపెట్టలేదు. దానికి ఆరాధన క్రమమును సమకూర్చాడు.

సాక్ష్యము విషయము కూడ చూడండి. ధర్మశాస్త్రము ఇద్దరు ముగ్గురు సాక్షులను అడుగుతుంది. నవలకు చనిపోయిన స్త్రీ కన్ను చాలును. ఇది కల్పన గనుక పరవాలేదని అనరాదు, ఎందుకనగా ఈ కల్పన నిజమైన హత్యలను సమర్థించింది. ఐడా బి. వెల్స్ అను నల్లజాతి పాత్రికేయురాలు 1892లోనే మూకహత్యల లెక్కలు తీసి, చంపబడినవారిలో సుమారు మూడవ వంతు మందిపై మాత్రమే మానభంగ ఆరోపణ ఉన్నదని, అది కూడ ఆరోపణ మాత్రమేనని చూపించింది. చరిత్ర సంగతి కూడ తలక్రిందులైంది. క్లాన్ దౌర్జన్యము మితిమీరినందున 1871లో కాంగ్రెసు ప్రత్యేక చట్టము చేసింది, అధ్యక్షుడు గ్రాంటు సౌత్ కరోలినాలో తొమ్మిది కౌంటీలలో హెబియస్ కార్పస్ హక్కును నిలిపివేసి సైన్యము చేత నిందితులను పట్టించవలసి వచ్చింది. ఏ రాష్ట్రములో క్లాన్ కొరడా అంతగా ఆడిందో ఆ రాష్ట్రమునే డిక్సన్ తెల్లవారి శ్రమల భూమిగా చిత్రించాడు. నా దృష్టిలో ద్వేష సంస్థల మనస్తత్వమునకు కీలకము ఇక్కడ ఉన్నది. ద్వేషించువాడు తన్ను బలవంతునిగా ఎంచుకొనడు. తాను శ్రమపడుచున్న శేషమునని నమ్ముతాడు. కొట్టే ముందు ఏడుస్తాడు.

1915లో డి. డబ్ల్యు. గ్రిఫిత్ ఈ నవలను 'ది బర్త్ ఆఫ్ ఎ నేషన్' అను మూకీ చలనచిత్రముగా తీశాడు. డిక్సన్‌కు జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయములో సహపాఠి అయిన అధ్యక్షుడు వుడ్రో విల్సన్ ఫిబ్రవరి 18న శ్వేతసౌధములో దానిని చూచాడు. నల్లజాతివారి హక్కుల సంఘము పట్టణ పట్టణములో నిరసన తెలిపినా జనము విరగబడి చూచారు. కళగా దానిని మెచ్చుకొనే విమర్శకులు నేటికిని ఉన్నారు. నేను దాని చివరి భాగము మాత్రమే ఎత్తిచూపుతాను. గుఱ్ఱములెక్కిన క్లాన్ సభ్యులు ఆయుధములు చూపి నల్లవారిని ఓటు వేయకుండ ఆపుతారు. ఆ తరువాత ప్రేమికుల సంతోషము, ఆపై ఆకాశములో క్రీస్తు రూపము, శాంతి నగరము. మొదటి దృశ్యము లేకుండ చివరిది రాదు. మానవ చరిత్ర అంతములో క్రీస్తు ప్రత్యక్షమగుట మనకు నిరీక్షణ. ఇక్కడ ఆయన తుపాకి నీడలో జరిగిన ఎన్నికను ఆశీర్వదించుటకు ప్రత్యక్షమవుతాడు. ఇంతకంటె స్పష్టమైన దేవదూషణ నాకు తెలిసిన చలనచిత్రములలో లేదు.

అదే సంవత్సరము నవంబరులో, కృతజ్ఞతార్పణ దినము రాత్రి, జార్జియాలోని స్టోన్ మౌంటెన్ మీద విలియం జోసెఫ్ సిమన్స్ మరికొందరితో ఎక్కి సిలువను మండించి క్లాన్‌ను తిరిగి స్థాపించాడు. సిమన్స్ కూడ ఒకప్పుడు మెథడిస్టు బోధకుడే. కొద్ది దినములలోనే అట్లాంటాలో చిత్ర ప్రదర్శన మొదలైంది. ఈ రెండవ క్లాన్ నల్లవారితో పాటు యూదులను, కతోలికులను, వలస వచ్చినవారిని కూడ శత్రువులుగా ఎంచింది. 1920ల నడుమ దాని సభ్యులు లక్షలలో ఉండిరి. 1925 ఆగస్టు 8న వేలాది మంది ముసుగు ముఖము నుండి తీసి వాషింగ్టను వీధులలో ఊరేగారు. వారు ఆదివారపు ఆరాధనలోనికి అంగీలతో నడచి వచ్చి కాపరి చేతిలో కానుక పెట్టి వెళ్లుట అప్పట్లో వాడుక. ఎందరో కాపరులు పుచ్చుకొన్నారు. కొందరు నిరాకరించారు.

వారి కూటములలో బల్ల మీద జెండా, ఖడ్గము, నీళ్లపాత్రతో పాటు బైబిలు తెరచి ఉంచేవారు. తెరచిన చోటు రోమీయులకు 12వ అధ్యాయము. సజీవయాగమును గూర్చిన మొదటి వచనము వారికి కావలసింది. హింసించువారిని దీవించుమని చెప్పే 14వ వచనము, పగ తీర్చుకొనవద్దనే 19వ వచనము అదే పుటలో ఉన్నవి. చిరుతపులి మచ్చల విషయములో డిక్సన్ చేసిన కోతయే ఇది.

డిక్సన్‌కు న్యాయము చేయుటకు ఒక మాట చెప్పాలి. ఈ రెండవ క్లాన్‌ను అతడు మెచ్చలేదు, బహిరంగముగా ఖండించాడు. మొదటి క్లాన్ వీరులది, ఇది దుష్టులది అని అతని వాదన. ఆ వాదన నిలువదు. తాను వ్రాసిన ఆరాధన క్రమమునే వారు ఆచరించారు. 1946లో రాలీలో అతడు చనిపోయేనాటికి మండుచున్న సిలువ అతని చేయి దాటి చాలాకాలమైంది.

నవల మరల ఒకసారి ఇట్టి పని చేసింది. 1978లో విలియం పియర్స్ అనే జాతివాది 'ది టర్నర్ డైరీస్' అను కల్పన ప్రచురించాడు. అతడు క్రైస్తవుడు కాడు, క్రైస్తవ్యమును తృణీకరించినవాడు. దానిలోని రహస్య సంఘము పేరునే పెట్టుకొని 1983లో 'ది ఆర్డర్' అను ముఠా దోపిడీలకు, హత్యకు పూనుకొంది. 1995లో ఓక్లహోమా నగరములో 168 మందిని చంపిన బాంబు దాడి చేసినవాడు ఆ పుస్తకమును ఇతరులకు పంచిపెట్టినవాడు. ఆ 'ఆర్డర్' ముఠాలో కొందరు 'క్రిస్టియన్ ఐడెంటిటీ' అను దుర్బోధకు చెందినవారు. ఉత్తర ఐరోపా జనులే నిజమైన ఇశ్రాయేలనియు, కయీను సర్పమునకు పుట్టిన సంతానమనియు దాని బోధ. ఆదికాండము 4:1 ఈ బోధను మొదటి వాక్యములోనే కొట్టివేస్తుంది గనుక దాని మీద ఎక్కువ స్థలము వ్యయపరచను. నోవహు శాపము విషయమును అంతే: శాపము కనానుపై పలుకబడింది, కూషుపై కాదు.

మన సంఘములలో దాదాపు ప్రతి ఊరినుండి ఎవరో ఒకరి కుమారుడో కుమార్తెయో అమెరికాలో ఉన్నారు. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రములోని ఒలేత్‌లో హైదరాబాదునుండి వెళ్లిన ఒక యువ ఇంజనీరును ఒకడు తన దేశమునుండి పొమ్మని అరచి కాల్చి చంపాడు. ఆ మాటకు ముందే 1923లో, భగత్ సింగ్ తిండ్ వ్యాజ్యములో, అమెరికా సుప్రీం కోర్టు ఆర్యుడనని వాదించిన భారతీయుడు కూడ తెల్లవాడు కాడని తీర్పు చెప్పింది. ఆర్యత్వము చూపి ఆ ద్వారము గుండా ప్రవేశించవచ్చునని ఆశించినవారికి ద్వారము మూయబడింది. మన దేశములో వర్ణము పేర ఎవరిని ఎక్కడ కూర్చుండబెట్టామో ఆలోచించేవారు ఆ తీర్పు పాఠమును చదువవచ్చును.

2015 జూన్ 17న సౌత్ కరోలినాలోని చార్లెస్టన్ నగరములో, ఎమ్మానుయేలు ఆఫ్రికన్ మెథడిస్టు ఎపిస్కోపల్ సంఘములో, బుధవారపు బైబిలు పఠనమునకు ఒక తెల్ల యువకుడు వచ్చాడు. వారు అతనికి చోటిచ్చారు. ఆ రాత్రి పఠించినది మార్కు 4వ అధ్యాయములోని విత్తువాని ఉపమానము. దాదాపు గంటసేపు వారితో కూర్చుండి, కన్నులు మూసికొని ప్రార్థించు సమయములో కాల్పులు జరిపి కాపరితో సహా తొమ్మిది మందిని చంపాడు. తెల్లవారే బాధితులని, నల్లవారు స్త్రీలను చెరుపుచున్నారని అతడు చెప్పిన కారణము 'ది క్లాన్స్‌మన్'లో నూట పది సంవత్సరముల క్రితము అచ్చయిన కారణమే. అతడు లూథరన్ సంఘ సభ్యుడు. చనిపోయిన సేవకులలో ఇద్దరు, కాపరి క్లెమెంటా పింక్నీతో సహా, ఆ రాష్ట్రములోని లూథరన్ సెమినరీలో చదివినవారు.