మోచేతి ఎత్తున వైసు

లోహపు పని నేర్పే గదిలోకి వెళ్తే నా చూపు ముందుగా పిల్లల మోచేతుల మీదికే పోతుంది. బెంచికి బిగించిన వైసు పైఅంచు, దాని ముందు నిలబడ్డ మనిషి మోచేతికి సమానంగా ఉండాలి. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు చదివినవాళ్లెవరికైనా ఈ లెక్క తెలుసు. ఏడో తరగతి పిల్లవాణ్ణి తెచ్చి పెద్దవాళ్ల బెంచి ముందు నిలబెడితే భుజాలు చెవుల దాకా లేస్తాయి. ఆకురాయి సమంగా సాగక ఊగుతుంది. అలా ఊగి రేకు అంచు దాటి జారిందంటే వేలి కణుపుల తోలు లేచిపోతుంది. కాళ్ల కింద జానెడు ఎత్తు చెక్కపీట వేస్తే ఆ గాయం తప్పుతుంది. గోడకు అంటించిన జాగ్రత్తల పట్టికలో ఈ పీట మాట ఎక్కడా కనపడదు.

మా కొమురవెల్లి పిల్లలకు లోహం కొత్తేమీ కాదు. సంక్రాంతి దాటినప్పటి నుంచి ఉగాది దాకా ఆదివారం వచ్చిందంటే మల్లన్న జాతరే. ఒగ్గు కళాకారుల కాలి గజ్జెలు, ఇత్తడి తాళాలు, గుడి గంటలు వింటూ పెరిగినవాళ్లు. వచ్చే జనానికి నీడ కావాలి కాబట్టి రేకుల షెడ్లు, ఇనుప గేట్లు, వాటికోసం వెల్డింగ్ షాపులు. ఆ నీలిమెరుపు ముందు పిల్లలు నిలబడిపోతారు. అందులోని అతినీలలోహిత కిరణాలు కంటి పైపొరను కాలుస్తాయి. నొప్పి మాత్రం అప్పటికప్పుడు తెలియదు. కొన్ని గంటలు పోయాక, నడిరాత్రి, కళ్లలో ఇసుక పోసినట్టు మొదలవుతుంది. పగలు చూసిన మెరుపుకూ రాత్రి మంటకూ సంబంధం ఉందని ఆ పిల్లవాడికి తట్టదు, చెప్పేవాళ్లూ ఉండరు. ప్రమాదమని చెప్పి బడి లోహాన్ని గేటు బయట పెట్టినంత మాత్రాన పిల్లలు దానికి దూరం కాలేదు. చెప్పే మనిషి ఒక్కడే దూరమయ్యాడు.

చెప్పే మనిషి దూరం కాని చోటు కావాలంటే జనగామ పక్కనే పెంబర్తి ఉంది. రథాలకు, ఉత్సవ విగ్రహాలకు తొడుగులు చేసిన ఊరు, నిజాం కాలంలో అత్తరు బుడ్లు, పాన్‌దాన్‌లు చేసిన ఊరు. దాని ఇత్తడి పనికి 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. రేకును కాల్చి మెత్తబరుస్తారు, లక్క మీద పరిచి అతికిస్తారు, ఆ తర్వాత చిన్న చిన్న ఉలులతో కొడుతూ పువ్వునో హంసనో పైకి తేలుస్తారు. దెబ్బ పడినప్పుడు లక్క కాస్త లొంగి రేకు చినగకుండా కాపాడుతుంది. ఈ పనివాళ్ల ఇళ్లలో పిల్లవాడి చేతికి ఉలి ఎప్పుడో గాని వచ్చేది కాదు. అందుకు ముందు ఏళ్ల తరబడి తండ్రి పక్కన కూర్చోవడమే. సుత్తి ఎంత ఎత్తు లేస్తుందో, నాయిన మొహం ఎటు తిప్పుకుంటాడో, ఎర్రగా కాలిన రేకును ఎక్కడ దించుతాడో కళ్లకు ముందే అలవాటయ్యేది.

ఆ పాత పద్ధతిని యథాతథంగా వెనక్కి తేవాలని నేను అనను. బాలకార్మికుల నిషేధ చట్టం 1986లో వచ్చింది, 2016 సవరణతో 14 ఏళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదన్నారు, 18 నిండేదాకా ప్రమాదకరమైన పనుల్లోకి తీసుకోకూడదన్నారు. బడి వేళలు అయ్యాక ఇంటి వృత్తిలో సాయపడటానికి మాత్రం, అది ప్రమాదకరం కానంత వరకు, వెసులుబాటు ఇచ్చారు. ఈ చట్టం ఇంకా గట్టిగా అమలు కావాలన్నదే నా కోరిక. అయితే తండ్రి పక్కన కూర్చుని నేర్చిన చూపు బడికి వచ్చే పిల్లలకు ఇంకెక్కడ దొరకాలి? 1937లో గాంధీజీ వార్ధాలో చేతిపనిని చదువుకు మధ్యలో పెట్టమన్నారు. 1964–66 కొఠారీ కమిషన్ పని అనుభవం అంది. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు చేసి చూడాల్సిన పనుల్లో వడ్రంగం, కుండల పనితో పాటు లోహపు పనిని పేరుపెట్టి చెప్పింది, పుస్తకాల సంచి లేకుండా పది రోజులు స్థానిక పనివాళ్ల దగ్గర గడపమంది. కాగితం మీద కొరత ఎప్పుడూ లేదు. క్రాఫ్ట్ టీచర్ రిటైరైతే ఆ గదిలోకి విరిగిన బెంచీలు చేరడం మనం చాలా బడుల్లో చూసిందే.

నేను నేర్పే గదిలో పట్టుబట్టే సంగతులు కొన్ని ఉన్నాయి. పిడి లేని ఆకురాయి ఒక్కటి కూడా గదిలో ఉండకూడదు. జారిన రోజు దాని మొనతోక నేరుగా అరచేతిలోకి దిగుతుంది. సుత్తి దెబ్బలకు ఉలి తల పుట్టగొడుగులా విచ్చుకుంటే ఆ అంచులు అరగదీసేదాకా దాన్ని ముట్టనివ్వను, ఎందుకంటే అక్కడ లేచే తునక పోయేది కంట్లోకే. డ్రిల్లింగ్ మిషను దగ్గర ఇంకో చిక్కుంది. పల్చని రేకును చేత్తో పట్టుకుని రంధ్రం వేస్తే, బిట్టు అవతలికి దిగే క్షణంలో రేకును లాక్కుని గిర్రున తిప్పుతుంది. కింద చెక్క పెట్టి క్లాంపుతో బిగించాల్సిందే. చేతి తొడుగులు వేసుకుంటే క్షేమం అనుకుంటారు చాలామంది. తిరిగే మిషను దగ్గర తొడుగే ప్రమాదం, వేలితో సహా లోపలికి లాగుతుంది. చున్నీ, వదిలిన జడ, మణికట్టు దారం కూడా అంతే.

మణికట్టు దారం మా ప్రాంతంలో చిన్న విషయం కాదు. మొక్కు తీర్చుకుని వచ్చాక ఇంట్లోవాళ్లు కట్టిన దారాన్ని తెంపమనే హక్కు ఏ మాస్టారికీ లేదు. దారం ఉన్న పిల్లకు ఆ రోజు మిషను పని ఇవ్వను. రేకు మీద కొలతలు గీయడం, గీతల మీద చుక్కలు కొట్టడం ఇస్తాను. అదీ పనే, ఆ గీత తప్పితే మిగతాదంతా తప్పుతుంది.

కాలిన ఇనుము సంగతి పిల్లలకు కళ్లారా చూపించాలి. ఎరుపు దిగిపోయాక ఇనుము మామూలు నల్లటి ముక్కలాగే ఉంటుంది, లోపల మాత్రం ఇంకా నాలుగైదు వందల డిగ్రీల వేడి ఉండొచ్చు. దాని మీద నాలుగు నీటిచుక్కలు చల్లి చుయ్యిమనిపిస్తే ఇక మరచిపోరు. కాల్చిన ముక్కకు ఇటుకల మీద ఒక చోటు, పక్కన సుద్దతో ‘వేడి’ అని రాత. ఎవరికైనా చెయ్యి కాలితే 20 నిమిషాలు కుళాయి కింద పెట్టడమే. టూత్‌పేస్టు, పసుపు, ఇంకు ఏదీ రాయొద్దు. జింకు పూసిన రేకును కొలిమిలో పెట్టనివ్వను, ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. మధ్యాహ్న భోజనానికి ముందు పీరియడ్‌లో టంకం పని ఉంటే సబ్బుతో చేతులు కడిగించి గాని ఎవరినీ పంపను. టంకంలో సీసం ఉంటుంది, మనం తినేది చేత్తో.

వీటన్నిటికన్నా కష్టమైన పాఠం ఒకటుంది, అది ‘ఆపు’ అని అరవడం. ప్రమాదం కనపడితే ఎవరైనా, ఎవరినైనా ఆపొచ్చు. అందరూ చేతులు తీసేయాలి, తర్వాతే మాట్లాడాలి. తోటి పిల్లలను ఆపడం రెండో రోజుకే వచ్చేస్తుంది. సారును ఆపమంటే నోరు పెగలదు. పెద్దల ముందు గొంతెత్తకూడదని ఇంటా బడిలోనూ నేర్పినవాళ్లమే మనం. అందుకే రోజూ అభ్యాసం చేయిస్తాను. నేను కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని మిషను దగ్గరికి నడుస్తాను. మొదట్లో గుసగుసలే. ఓ వారానికి వెనక వరస నుంచి ఒక చిన్నపిల్ల ‘సార్, ఆగుండ్రి!’ అని గది దద్దరిల్లేలా అరిచింది. ఆ అరుపు విన్నాకే ఆ తరగతికి డ్రిల్లింగ్ మొదలుపెట్టాను.

ఓసారి గేట్లు చేసే ఒక తండ్రి మా గదికి వచ్చాడు. పని చూసి ముచ్చటపడి, పిల్లలకు చూపిస్తానంటూ గ్రైండరు అందుకున్నాడు. స్విచ్చి మీద వేలు పడకముందే కొడుకు అడ్డం వచ్చాడు. ‘ఆగు నాయినా, అద్దాలు పెట్టుకో.’ ఆయన కొడుకు మొహంలోకి చూసి మారుమాట లేకుండా అద్దాలు అందుకున్నాడు. మరుసటి నెల ఆయన షాపు ముందు నుంచి పోతుంటే వెల్డింగ్ చేసే చోట రోడ్డువైపు పాత రేకు ఒకటి అడ్డంగా నిలబెట్టి ఉంది.

సంచి లేని రోజులకు పిల్లలను పెంబర్తికో పక్క ఊరి కొలిమికో తీసుకెళ్లే ఉపాధ్యాయులకు నా మనవి. ముందురోజు మీరొక్కరే వెళ్లి చూసి రండి. నీళ్లు ఎక్కడున్నాయి, బయటికి దారి ఎటు, నేల మీద వైర్లున్నాయా అన్నది చూడండి. నలభై మందిని ఒకేసారి లోపలికి తోలకండి, ఐటీఐలో ఫిట్టర్ యూనిట్‌కే ఇరవై మంది. వాళ్లు ఈడొచ్చినవాళ్లు, మీ పిల్లలు పన్నెండేళ్లవాళ్లు, కాబట్టి పదిమందే ఎక్కువ. ఎవరూ చెప్పులు లేకుండా రాకూడదు. పాలిష్ పట్టే మోటరు పిల్లలున్నంత సేపూ ఆపి ఉంచాలని పనివాళ్లతో ముందే మాట్లాడుకోండి. ఆ గంట పని ఆగినందుకు వాళ్లకు పడే కూలి నష్టం బడి నిధుల్లోంచి కట్టివ్వండి.