నాలుగో అధికరణం

భీమ్‌గల్ చుట్టుపక్కల లూథరన్ల జాడ పెద్దగా ఉండదు. నిజామాబాద్ వైపు క్రైస్తవం వెస్లియన్ మెథడిస్టుల చేతుల మీదుగా వచ్చింది. 1915లో డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ తెరిచిన కుష్ఠు ఆసుపత్రి ఆ మిషన్‌దే. 1947లో ఆ సంఘాలు దక్షిణ ఇండియా సంఘంలో కలిసిపోయాయి. లూథరన్ల దారి వేరు. 1842లో హేయర్ అయ్యగారు గుంటూరులో అడుగుపెట్టడంతో అది మొదలైంది. అయితే ఇక్కడి కుర్రవాడు పాస్టరు కావాలని హైదరాబాదులోని ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీలో చేరితే మాత్రం ఈ రెండు దారులూ ఒకే బెంచీ మీద కలుస్తాయి. లూథరన్లు, బాప్టిస్టులు, దక్షిణ ఇండియా సంఘం వాళ్లు 1964లో రాజమండ్రిలో ఉమ్మడిగా పెట్టుకున్న కాలేజీ అది; తరువాత హైదరాబాదుకు మారింది.

అక్కడ క్రమబద్ధ వేదాంతం చదివే లూథరన్ విద్యార్థికి ఆధారం ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన. 1530 జూన్ 25న ఐదో చార్లెస్ చక్రవర్తి ఎదుట చదివి వినిపించారు. లూథర్ మీద బహిష్కార శిక్ష ఉండడంతో ఆయన కోబర్గ్ కోటలో ఆగిపోయాడు. రాసిన చెయ్యి ఆయన సహచరుడు మెలాంక్థన్‌ది. అంతకు తొమ్మిదేళ్ల ముందే, ఇరవై నాలుగో ఏట, విశ్వాస విషయాలను శీర్షికలవారీగా పేర్చి పుస్తకం చేసినవాడు.

ప్రకటనలో 28 అధికరణాలు. మొదటి 21 విశ్వాసం గురించి, మిగిలిన 7 సంఘంలో దిద్దుకోవలసిన ఆచారాల గురించి. ముందు తమ సంఘాలు బోధించేదేమిటో చెప్పి, చాలా చోట్ల ఎవరి మతాన్ని కాదంటున్నారో కూడా చేరుస్తారు. మీమాంసలోని అధికరణాలు తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు: విషయం, పూర్వపక్షం, సిద్ధాంతం. మన శాస్త్రకారులు ఇంకో అంగం కూడా చెప్పారు, సంగతి. ఒక అధికరణం తరువాత మరొకటి ఎందుకు రావాలన్న లెక్క అది. మెలాంక్థన్ పనితనమంతా అక్కడే ఉంది.

రెండో అధికరణం తీసుకోండి, జన్మపాపం. పాపమంటే చెడ్డపనుల పట్టిక అని రాసి ఊరుకోవచ్చు. అలా రాయలేదు. దేవుని భయం లేకపోవడం, దేవుని మీద నమ్మిక లేకపోవడం, దురాశ ఉండడం: మనిషి పుట్టుకతోనే ఈ స్థితిలో ఉన్నాడన్నాడు. ఇలా ఎందుకన్నాడో రెండు అధికరణాలు దాటితే గాని తెలియదు. పాపం పనుల్లోనే ఉంటే మంచిపనులతో దాన్ని చెల్లగొట్టుకోవచ్చు. పోయింది నమ్మిక అయితే ఎన్ని పనులు చేసినా ఆ ఖాళీ నిండదు. మూడోది క్రీస్తు గురించి. నాలుగోది, మనిషి తన క్రియల వల్ల కాక క్రీస్తు నిమిత్తం, విశ్వాసం ద్వారా నీతిమంతుడిగా ఎంచబడతాడంటుంది. రెండోదానిలో లేదన్న నమ్మికే ఇక్కడ వరంగా తిరిగి వస్తుంది. ఇంటికి దూలం ఎలాగో ప్రకటనకు ఈ నాలుగోది అలాగ. చూడబోతే నాలుగు మాటలే. రోమన్ పక్షం ఖండించాక 1531లో మెలాంక్థన్ సమర్థన గ్రంథం రాస్తే, అందులో ఈ ఒక్కదానికి రాసిన జవాబే అన్నిటికన్నా పొడుగు.

ఇక్కడొక ప్రమాదం ఉంది. విశ్వాసంతోనే రక్షణ అంటే, ఆ విశ్వాసం నేనే తెచ్చుకున్నానని మనిషి గొప్పకు పోవచ్చు. అప్పుడు విశ్వాసమూ ఒక క్రియ అయిపోతుంది. ఐదో అధికరణం ఆ తలుపు మూస్తుంది. వాక్యం, బాప్తిస్మం వంటి సంస్కారాలు పరికరాలు; వాటి ద్వారా ఆత్మ విశ్వాసాన్ని పుట్టిస్తాడు. ఇదే మాటను లూథర్ చిన్న ప్రశ్నోత్తరిలో పిల్లలు కంఠస్థం చేసే కొలతకు కుదించాడు. (తెలుగులో తొలిగా అచ్చయిన పుస్తకాల్లో ఆ ప్రశ్నోత్తరి ఒకటి, మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1746 ప్రాంతంలో జర్మనీలోని హాలేలో అచ్చు వేయించాడు.)

ఆ పరికరాలను మెలాంక్థన్ ఇక వదలడు. ఏడో అధికరణంలో సంఘమంటే సువార్త శుద్ధంగా బోధించే, సంస్కారాలు సరిగా జరిపే విశ్వాసుల కూటం. ఐక్యతకు ఈ రెంటిలో ఏకాభిప్రాయం చాలు, ఆచారాలు అంతటా ఒకేలా ఉండనక్కరలేదు. 1948 తరువాత దక్షిణ ఇండియా సంఘంతో లూథరన్లు ఏళ్ల తరబడి జరిపిన చర్చల్లో ఈ ‘చాలు’ చుట్టూ, బిషప్పుల పరంపర అవసరమా అన్న ప్రశ్న చుట్టూ ఎంతో వాదన నడిచింది. ఎనిమిదోది ఇంకా ముచ్చటైనది: పాస్టరు చెడ్డవాడైనా అతనిచ్చిన సంస్కారం చెల్లుతుంది. శక్తి పరికరానిదే గాని పట్టుకున్న చేతిది కాదని ఐదోదానిలోనే తేలిపోయింది కదా.

తొమ్మిదోది బాప్తిస్మం; శిశువులకూ ఇవ్వాలంటుంది. నా మటుకు ఇది మరీ క్లుప్తం. అదే బెంచీ మీద బాప్టిస్టు మిత్రుడు ఉన్నప్పుడు ఆ క్లుప్తత నిలవదు. ‘విశ్వాసం లేకుండా నీతి లేదని నాలుగులో అన్నారు, పసిబిడ్డ ఏం నమ్ముతుంది?’ అని అతనడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. లూథరన్ విద్యార్థి తొమ్మిదిని పట్టుకు వేలాడితే ఓడిపోతాడు. వెనక్కి, ఐదుకు వెళ్లాలి. విశ్వాసం ఆత్మ పుట్టించేదే అయితే, పుట్టించడానికి ఎదిగిన బుద్ధి ముందే ఉండాలన్న షరతు ఎక్కడిది? బాప్టిస్టు మిత్రుడు ఒప్పుకోకపోవచ్చు. కాని ఇప్పుడతను కొట్టవలసింది తొమ్మిదిని కాదు, ఐదును; ఐదు కదిలితే ఏడు, ఎనిమిది కూడా కదులుతాయి.