వనవిహారికి కొయ్యకానుక

మహారాష్ట్రమందలి చంద్రపురమున తుకుం అను పేట తాడోబా అడవికి పోవు బాటమీద నున్నది. బొగ్గుగనులను, బల్లార్‌పూర్ కాగితపు మిల్లును ఆశ్రయించి తెలుగునాటినుండి వచ్చి స్థిరపడిన కుటుంబములు గల ఈ ప్రాంతమున, సెలవుదినమున దుర్భిణి మెడను వ్రేలాడవేసికొని మోహర్లీ ద్వారమువైపు సాగిపోవువారును, పెరటిపంచలో ఉలియు రంపమును ముందిడుకొని ఉబలాటముకొలది కొయ్యపని చేసికొనువారును కనబడుచుందురు. ఈ రెండు వ్యసనములును ఒక్కనియందే కూడినపుడు అతడు చేయదగిన పని యేది, మిత్రునకు ఈయదగిన కానుక యేది యను ప్రశ్నకు, అంగళ్లలో దొరకు పులిబొమ్మ గొలుసులకన్న మేలైన సమాధానము మన వడ్రంగి సంప్రదాయముననే కలదు.

కొయ్యను ఎన్నునపుడు మంచి పనివాడు ముందు చూచునది పనినిగాని అందమును గాదు. నిర్మలలో బొమ్మలు చెక్కువారు ఉలికి వెన్నవలె లొంగు పొణికిని కోరుదురు. ఏటికొప్పాకలో కొయ్యను త్రిప్పుచు రాపిడి వేడిమికి కరగు లక్కను పట్టించువారు అంకుడును విడువరు. చంద్రపురమువారి చేతికందునది టేకు. బల్లార్షా డిపోనుండి 2023లో అయోధ్య మందిరమునకు సైతము తరలిన ఆ టేకు చేవలో సహజముగా నిమిడియున్న ద్రవ్యములు చెదలను దరిజేరనీయవు. కాని అందలి సిలికా ఉలిమొనను త్వరగా మొద్దుపరచును గనుక సానరాయి ప్రక్కనే యుండవలెను. చేవచుట్టు నుండు తెల్లచెక్కకు ఈ దార్ఢ్యము లేదు. రెండింటిని ఒకటిగా నెంచి వానలో నుంచినవారు, టేకు సైతము పుచ్చినదే యని వాపోవుదురు. వినోదమునకు చేయువారు క్రొత్తదుంగను కొననక్కరలేదు. పాత ద్వారబంధపు ముక్కలు చాలును, ఏండ్లతరబడి యెండినవి గనుక అవియే మేలు.

అట్టి ముక్కతో చేయదగినవానిలో నా దృష్టికి వ్యాసపీఠమే ప్రథమగణ్యము. పురాణపఠనమునకు పుట్టిన ఈ పీఠముమీద, 1941లో వెలువడిన సలీం అలీ పక్షిగ్రంథమును విప్పిపెట్టుకొనుటకు అభ్యంతరమేమియు లేదు. ఒకే పలకనుండి, మేకుగాని జిగురుగాని బందుగాని లేకుండ, ఒకదాని నొకటి దాటి నిలుచు రెండు రెక్కలు పుట్టుటయే దాని విశేషము. అంగుళము మందము గల పలకను చిత్రికపట్టి, నడిమికి కొంచెము దిగువగా, మందమునకు సమమైన ఎడముతో రెండు అడ్డగీతలు గీయుదురు. ఆ గీతలనడిమి పట్టీయే కీలు. దానిని ఐదో ఏడో వ్రేళ్లుగా విభజించి, పైముఖమున బేసి వ్రేళ్లకు క్రింది గీతవెంబడిని, సరి వ్రేళ్లకు పై గీతవెంబడిని, మందములో సగమువరకే తెగగోసి, వ్రేలి అంచును గుండ్రముగా మలతురు. పలకను త్రిప్పి వెనుకముఖమున సరిగా దీనికి విపరీతముగా చేయుదురు. చదువునపుడు ఇది తికమకగానే యుండును, అట్టముక్కపై ఒకమారు గీసికొన్నచో తేటపడును. పిమ్మట వ్రేలికి వ్రేలికి నడుమ సన్నని రంపముతో ఈవలినుండి ఆవలికి కోసి, కట్టకడపట పలకను నిలువున పట్టి, మందమును సగముచేయుచు రెండు కొసలనుండియు కీలుదాక చీల్చుదురు. రంపము ఒక్క నూలు ప్రక్కకు తొలగి వ్రేలిలో దిగెనా, అంతవరకు పడిన పాటంతయు వ్యర్థము. అందుచేతనే ముడి లేని, ఈనె తిన్నగా సాగిన పలకను ఎంచుకొందురు. కోత సరిగా కుదిరినచో, చేతితో మెల్లగా తట్టినంతనే రెక్కలు విడిపోవును.

పిచ్చుకగూడు పని ఇంతకన్న సులభము, కాని పలువురు దానిని పిచ్చుకకొరకు గాక గోడకొరకు చేయుచున్నారు. రంగులు పూసి, వాకిట చిన్నపుల్ల దిగగొట్టి, ఎండలో వ్రేలాడదీసిన గూటిలో, వేసవి తాపము 46, 47 డిగ్రీలకు పోవు చంద్రపురమున పిల్లలు బ్రతుకునా? పలక ముప్పాతిక అంగుళమునకు తగ్గరాదు. రంధ్రము అంగుళంపావు వ్యాసమున, అడుగునకు ఐదంగుళముల ఎత్తున నుండవలెను. ముఖము ఉత్తరమునకో తూర్పునకో త్రిప్పి, చూరునీడలో కట్టవలెను. కప్పుక్రింద గాలికిని, అడుగున నీటికిని సన్నని బెజ్జములుండవలెను. లోపలితట్టును చిత్రికపట్టరాదు, గరుకుగా నున్నచో పిల్లలు గోళ్లతో పట్టుకొని పైకి ప్రాకును. వాకిటిపుల్ల పిచ్చుకకు అనవసరము, దాడిచేయు కాకికి మాత్రము ఆసరా.

ఇక చేతికర్ర. వాహనము దిగనీయని తాడోబా విహారమున దానికి పనిలేదుగాని, మాణిక్‌గఢ్ కోటవంటి మెట్టలెక్కువారికి మంచి తోడు. ఈ అడవులలో పెరుగు, బోలు తక్కువైన వెదురు దీనికి శ్రేష్ఠము. వర్షములు వెడలి చలి తిరిగిన పిమ్మట నరికి, కొన్ని వారములు నీట నానబెట్టినచో పిండిపదార్థము కరగిపోయి పుప్పి పట్టుట తగ్గును. నీడన ఆరిన పిదప వంకరయున్నచోట సెగచూపి తిన్నజేయుదురు. మేదరులకును, ఇక్కడి బురడులకును ఇది నిత్యవిద్య. చిచ్‌పల్లిలోని వెదురు పరిశోధన శిక్షణ కేంద్రమున నేర్పుచున్నారు. అయితే 1955లోనే జాతీయోద్యానమైన తాడోబానుండి రాలిన పుల్లనైన అనుమతిలేక తేరాదు. అడవికి వెలుపలి నేలలో పెంచిన వెదురును మాత్రము అటవీచట్టమునకు 2017 నాటి సవరణ చెట్లపట్టికనుండి తొలగించినది గనుక, కోరువారు రైతునొద్ద కొనుట ఉచితము.

పీఠమునకును చేతికర్రకును వార్నిషుకన్న కాచిన అవిసెనూనె మేలు. గూటికి లోపల ఏ పూతయు వలదు. నూనెను పలుచగా రుద్ది, మిగిలినదానిని గుడ్డతో తుడిచి, ఒకటి రెండు దినములు ఆరనిచ్చి మరల పూయవలెను. తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల విసరివేయుట మాత్రము ప్రమాదము: ఆరునపుడు పుట్టు వేడిమి లోపలనే నిలిచి అవి తమంత తామే అంటుకొనవచ్చును గనుక, వానిని విప్పి దండెముమీద విడివిడిగా ఆరవేయుటయో, నీటిలో ముంచియుంచుటయో చేయవలెను.