గిరీశం ఇంగ్లీషు, వెంకమ్మ సంబరం

గిరీశం మోసగాడని తెలియడానికి ‘కన్యాశుల్కం’ మొదటి అంకమే చాలు. పూటకూళ్లమ్మ డబ్బు మింగేశాడు, శిష్యుడు వెంకటేశానికి చదువుకు బదులు చుట్ట కాల్చడం నేర్పాడు. అయినా పై తరగతి పిల్లల్ని ఎవరు నచ్చారని అడగండి, సగంమంది అతని పేరే చెప్తారు. పెద్దవాళ్లూ అంతే.

అదంతా నోటి మహిమ. గురజాడ దాదాపు కొత్తగా తిరగరాసిన 1909 ప్రతిలో, అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో ఒక చిన్న ఘట్టం ఉంది. తరగతిలో ఇంకేం చదివించకపోయినా ఇది చదివించండి. కొడుకూ గిరీశమూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటే వినాలని వెంకమ్మ ముచ్చటపడుతుంది. వాళ్లిద్దరూ బడి పుస్తకాల్లో బట్టీపట్టిన ముక్కలు, పిల్లల పాటలు ఒకరికొకరు అప్పజెప్పుకుంటారు. ఆవిడ మురిసిపోతుంది. మనం నవ్వుతాం.

ఎవర్ని చూసి నవ్వుతున్నాం? ఇంగ్లీషు వచ్చినవాళ్లం కాబట్టి గుట్టు మనకి తెలుసు, ఆవిడకి తెలీదు. ఆ ఒక్క నవ్వుతో గిరీశం మనల్ని తన జట్టులో కలిపేసుకున్నాడు. అవతల అవధాన్లు చిన్నపిల్ల సుబ్బిని ముసలివాడికి అమ్మజూస్తూ, అడ్డొచ్చినవాళ్లమీద అరుస్తుంటాడు. ఆ కేకల పక్కన గిరీశం కబుర్లు చల్లగా వినిపిస్తాయి. అదే ఇంట్లో ఉన్న వితంతువు బుచ్చమ్మ మీద అతని కన్ను పడిందన్న సంగతి వెనక్కి పోతుంది. 1955లో పి. పుల్లయ్య తీసిన సినిమాలో ఆ వేషం ఎన్టీఆర్‌ది! ఇక కోపం ఎలా వస్తుంది?

ఇక్కడ రియాద్‌లోనో జుబైల్‌లోనో ఉన్న మన పిల్లలు గిరీశంలాగే భాషలు కలుపుతారని కొందరు టీచర్లు విసుక్కుంటారు. ఆ పోలిక నాకు సరిగా తోచదు. “యల్లా అమ్మా, బస్ వచ్చేసింది” అనే పిల్ల అమ్మకి అర్థం కావాలనే అంటుంది. గిరీశం ఇంగ్లీషు ఎదుటివాళ్లకి అర్థం కాకపోవడంమీదే నడుస్తుంది.

వెంకమ్మ సంబరమే మనకి దగ్గర. శుక్రవారం క్లాసులో నేర్చిన వేమన పద్యాన్ని పిల్లాడు ఫోన్లో గడగడా అప్పజెప్తాడు, ఊళ్లో అమ్మమ్మ మురిసిపోతుంది. అర్థం అడిగితే వాడు నీళ్లు నములుతాడు. ఆ బట్టీ మనం నేర్పిందే. వార్షికోత్సవానికి మనం తయారు చేయించేదీ చాలాసార్లు అదే.

ఈ ఘట్టం వేయించేటప్పుడు వెంకమ్మ పాత్ర బాగా చదవగల పిల్లకి ఇవ్వండి. వెర్రిబాగుల గొంతు పెట్టనివ్వకండి, మామూలుగా, ఆశగా అడగమనండి. అప్పుడు ఎవరెక్కడ నవ్వారో, ఎవరు నవ్వలేకపోయారో రాసుకోండి. తరవాతి వారం చర్చ అక్కణ్నుంచే మొదలవుతుంది.